వ్యాయామానంతరం రక్తచక్కెర పెరుగుదల: కారణాలు, దిద్దుబాటు

కీలకపదాలు: మధుమేహం, తీవ్రవ్యాయామం, అడ్రినలిన్, ఇన్సులిన్, కీటోన్లు.

వ్యాయామం చేస్తే రక్తంలో చక్కెర తగ్గుతుందన్నది మధుమేహ చికిత్సలో తొలిపాఠం. చాలా సందర్భాల్లో అది నిజమే. అయితే నడకతో తగ్గే చక్కెర, అదే వ్యక్తి వేగంగా పరుగెత్తినప్పుడో, బరువులెత్తినప్పుడో, పట్టుదలగా షటిల్ ఆడినప్పుడో పెరగవచ్చు. ఆ అంకెను చూసి తమకు వ్యాయామం పడదని మానుకొనేవారున్నారు. వెంటనే అదనపు ఇన్సులిన్ తీసుకొని, రాత్రి నిద్రలో చక్కెర పడిపోయి ప్రమాదానికి లోనయ్యేవారూ ఉన్నారు. రెండింటికీ మూలం ఈ పెరుగుదల స్వభావం తెలియకపోవడమే.

శ్రమించే కండరాల కోసం గ్లూకోజును రక్తంలోకి విడుదల చేసేది ప్రధానంగా కాలేయం. ఆరోగ్యవంతుల్లో ఒక మోస్తరు నడకలో ఈ రాకపోకలు దాదాపు సమానంగా ఉంటాయి. ఇన్సులిన్ వేసుకొన్నవారిలో ఆ ఇన్సులిన్ కాలేయాన్ని అణచిపెడుతుంది కనుక చక్కెర తగ్గుతుంది. తీవ్రవ్యాయామంలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎరల్ మార్లిస్, మ్లాడెన్ వ్రానిచ్ 2002లో ప్రకటించిన సమీక్ష ప్రకారం, గరిష్ఠ సామర్థ్యంలో 80 శాతానికి మించిన శ్రమలో అడ్రినలిన్, నారడ్రినలిన్ ఎన్నో రెట్లు పెరుగుతాయి. వాటి ప్రేరణతో కాలేయం గ్లూకోజు ఉత్పత్తిని ఏడెనిమిది రెట్లు పెంచుతుంది. కండరాల వినియోగం మాత్రం మూడు నాలుగు రెట్లే పెరుగుతుంది. మిగులు రక్తంలో నిలుస్తుంది. మధుమేహం లేనివారిలోనూ ఇది జరుగుతుంది. అయితే శ్రమ ఆగగానే వారి క్లోమం ఇన్సులిన్‌ను అధికంగా స్రవించి దాదాపు గంటలో పరిస్థితిని చక్కదిద్దుతుంది. టైప్-1 మధుమేహంలో ఆ స్రావం ఉండదు. కనుక లోపం పెరుగుదలలో కన్నా, దాన్ని దించే ఏర్పాటులో ఉందనడం సమంజసం.

పెరుగుదలకు ఇతర కారణాలూ ఉన్నాయి: ఆటకు ముందు ఇన్సులిన్ మోతాదును మరీ తగ్గించడం, పంపును ఎక్కువసేపు తీసివేయడం, చక్కెర పడిపోతుందన్న భయంతో అతిగా తినడం. ఇన్సులిన్ కొరత వల్ల కలిగిన పెరుగుదలను తీవ్రశ్రమ వల్ల కలిగినదానితో కలపరాదు; మొదటిది ప్రమాదకరం. మైకేల్ రిడెల్ తదితరుల 2017 నాటి ఏకాభిప్రాయ ప్రకటన ఇక్కడ స్పష్టమైన హద్దు గీసింది. వ్యాయామానికి ముందే చక్కెర కారణం తెలియకుండా డెసిలీటరుకు 270 మిల్లీగ్రాములు దాటి ఉంటే రక్తంలో కీటోన్లను పరీక్షించాలి. అవి లీటరుకు 1.5 మిల్లీమోల్స్ లేదా అంతకు మించి ఉంటే వ్యాయామం చేయరాదు. ముందు ఇన్సులిన్ లోటును సరిచేయాలి.

తీవ్రశ్రమ వల్లనే పెరిగిందని తేలితే, తొలి ఉపాయం మందు కాదు. శ్రమను హఠాత్తుగా ఆపక, చివరి 10-15 నిమిషాలు నింపాదిగా నడిస్తే కండరాలు కొంత మిగులును వాడుకొంటాయి. ఆ తరువాత కూడా చక్కెర ఎక్కువగానే ఉంటే ఎంత ఇన్సులిన్ తీసుకోవాలన్నది వివాదాంశం. 2017 ప్రకటన అలవాటైన దిద్దుబాటు మోతాదులో సగాన్ని సూచించింది. రోనీ ఆరన్సన్ బృందం 2019లో ప్రకటించిన అధ్యయనంలో సగం మోతాదు కన్నా పూర్తి మోతాదు మెరుగ్గా పనిచేసింది; చక్కెర పడిపోవడం అరుదు. కానీ అందులో పాల్గొన్నవారు 17 మందే. వ్యాయామం పరగడుపున జరిగింది. దాన్ని సాయంకాలపు ఆటకు యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు. వ్యాయామం తరువాత కండరాలకు ఇన్సులిన్ పట్ల స్పందన 24 గంటల వరకూ హెచ్చుగా ఉండవచ్చు. సాయంత్రం పెరిగిన చక్కెరే అర్ధరాత్రి పడిపోయే అవకాశం అందువల్లనే. పడుకొనే ముందు మరొకసారి పరీక్షించడం, సాయంత్రం దిద్దుబాటు మోతాదును తగ్గించుకోవడం మేలు.

టైప్-2లోనూ తీవ్రశ్రమ తరువాత ఇటువంటి పెరుగుదల కనిపిస్తుంది. సాధారణంగా కొద్ది గంటల్లో దానంతటదే తగ్గుతుంది. ఇన్సులిన్ గానీ సల్ఫొనైల్‌యూరియా మాత్రలు గానీ వాడనివారు దానికోసం ప్రత్యేకించి చేయవలసింది స్వల్పం. వాడేవారు వ్యాయామానికి ముందు, ముగిసిన వెంటనే, గంట తరువాత, పడుకొనేముందు వచ్చిన అంకెలను కొన్ని వారాలు రాసిపెట్టుకొని వైద్యుడికి చూపితే, వారి మోతాదును సగటు సూత్రంతో కాక వారి శరీరాన్ని బట్టి నిర్ణయించే వీలుంటుంది.