నాలుగు వేళ్ళ ఉమ్మడి కాపురం

భోగి మంట దగ్గర చేతులు కాచుకుంటూ "ఏం చలండీ బాబూ" అనుకునే అమలాపురం మనిషికి అసలు చలి అంటే ఏమిటో విమానం దిగాకే తెలుస్తుంది. నా సంగతే చెబుతాను. షికాగోలో కొడుకు దగ్గరికి వెళుతూ ఇక్కడే ఓ కొట్లో తోలు గ్లవ్స్ కొన్నాను. చేతికి అతికించినట్టు పట్టాయి. "మీ కోసమే కుట్టినట్టున్నాయండి" అన్నాడు కొట్టతను. అది మెచ్చుకోలు అనుకున్నాను. రెండో రోజు పొద్దున్నే మనవణ్ణి బడి బస్సెక్కించి, వీధి చివరి నుంచి ఇంటికొచ్చేసరికి తాళంచెవి తిప్పడానికి వేళ్ళు రాలేదు. కోడలు ఆ గ్లవ్స్ లాగేసి, లావుపాటి ఊలు సంచుల్లాంటివి రెండు తెచ్చి ఇచ్చింది. "ఇవి వేసుకోండి మామయ్యగారూ. చిన్నాడివి కూడా ఇవే రకం."

వాటిని మిట్టెన్లంటారు. బొటనవేలికి వేరే గది, మిగతా నాలుగు వేళ్ళకూ ఒకటే గది. పెద్దమనిషినై ఉండి పసివాడిలా ఈ సంచులేమిటని నామోషీ పడ్డాను గానీ, పది నిమిషాల్లో వేళ్ళలోకి ప్రాణం వచ్చింది.

కిటుకు మన వంటింట్లోనే ఉంది. ఉడికిన అన్నం గిన్నెలో కుప్పగా ఉంటే గంటైనా పొగలు పోవు. అదే పళ్ళెంలో పరిస్తే విసనకర్రతో పని లేకుండా చల్లారుతుంది. అన్నం అంతే ఉంది, గాలి తగిలే మేర పెరిగింది. వేలు సన్నటి పుల్లలాంటిది, లోపలి భాగంతో పోలిస్తే పైచర్మం ఎక్కువ. గ్లవ్స్ ఒక్కో వేలినీ విడదీసి పళ్ళెంలో పరిచినట్టు చేస్తాయి. మిట్టెన్ నాలుగింటినీ కుప్పగా ఉంచుతుంది, ఒకదాని వేడి పక్కదానికి అందుతుంది. పైగా వేళ్ళకు సొంత పొయ్యి లేదు. వేళ్ళను ఆడించే కండల్లో పెద్దవన్నీ ముంజేతిలో ఉన్నాయి, అక్కడి నుంచి నరాల్లాంటి తాళ్ళతో లాగుతాయి. వేళ్ళకు వెచ్చదనం దాదాపుగా నెత్తురు మోసుకొచ్చేదే. చలి ముదిరితే ఒళ్ళు గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి ముందు వేళ్ళకు వెళ్ళే నెత్తురునే తగ్గిస్తుంది. అలాంటప్పుడు పైనుంచి బిగుతు తొడుగు కూడా నొక్కితే ఇంకేముంది? నా తోలు గ్లవ్స్ చేసిన పని అదే.

తొడుగు వేడి పుట్టించదు. చెయ్యి ఇచ్చిన వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అదీ ఊలు పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలితో. గొర్రె బొచ్చు పోగు తిన్నగా ఉండదు, ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది, అందుకే దాని సందుల్లో గాలి నిలుస్తుంది. వదులుగా ఉన్న ఊలు గాలితో ఉబ్బి ఉంటుంది. నొక్కితే గాలి పోతుంది. తడిస్తే గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. నీరు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని తోడేస్తుంది. తొడుగుకు శత్రువులు రెండే: బిగుతు, చెమ్మ.

ఈ వస్తువును ఎవరు కనిపెట్టారంటే పేరు చెప్పలేం. మంచుదేశాల వాళ్ళు తోలుతోనూ బొచ్చుతోనూ కుట్టుకున్నారు. రెండు పుల్లల అల్లిక ఉత్తర యూరపుకు చేరకముందే, ఒకే సూదితో, పొట్టి పొట్టి ఊలు పోగులను ముడులుగా కలుపుతూ చేసుకున్నారు. ఐస్‌లాండ్ జాలర్లవి నాకు బాగా నచ్చాయి. వాటికి రెండు బొటనవేళ్ళు! తెడ్డు వేసి వేసి అరచేతి వైపు అరిగితే, తిప్పి తొడుక్కుని రెండో బొటనవేలి గది వాడుకునేవారు. చేతికన్నా బాగా పెద్దగా అల్లి, తడిపి, రుద్ది కుదించేవారు. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్ళూ రాపిడీ కలిస్తే అవి ఒకదానికొకటి పట్టుకుని ఇక వదలవు. అల్లిక కాస్తా దళసరి గుడ్డలా బిగుస్తుంది, గాలి దూరదు. మన అంతర్వేది పల్లిపాలెం జాలర్లెవరికీ ఈ అవసరం పడలేదు, అదృష్టం.

నార్వేలో సెల్బు అనే ఊరుంది. 1857లో అక్కడ మరిట్ ఎమ్‌స్టాడ్ అనే పదహారేళ్ళ అమ్మాయి నలుపు తెలుపు ఊలుతో, ఎనిమిది రేకుల పువ్వు వేసి మిట్టెన్లు అల్లింది. అవి తొడుక్కుని చర్చికి వెళితే ఊరంతా ఆ చేతులకేసే చూసిందట. ఆ పువ్వు ఇప్పుడు నార్వే గుర్తే అయిపోయింది. లాట్వియాలో పెళ్ళికూతురు పెట్టె నిండా మిట్టెన్లు అల్లుకుని వచ్చి అత్తింటి బంధువులందరికీ పంచేది. మన సారె కావిళ్ళ లాంటి ముచ్చట.

అల్లిక మనకూ కొత్త కాదు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. 1844లో మిషనరీలు నేర్పారని చెప్పే లేసు అల్లిక అటూ ఇటూ పాకి, రాజోలు, అమలాపురం వైపు ఆడవాళ్ళ చేతుల్లోనూ ఉంది. 2024లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. అదీ కొక్కెం సూదితో దారాన్ని ముడి వెంట ముడి వెయ్యడమే. కాకపోతే లేసు అందమంతా చిల్లుల్లో ఉంది, మిట్టెన్ బతుకంతా చిల్లులు మూయడంలో ఉంది.

ఊలు తెలివి మనకు లేదనుకోవద్దు. తెలంగాణలో, రాయలసీమలో దక్కనీ గొర్రె బొచ్చుతో నేసే గొంగళి ఉంది. చింతగింజల గంజి పట్టిన ఆ గొంగళి కప్పుకుని కాపరి వానలో గొర్రెల వెంట తిరిగాడు. మంచు చలి మాత్రం, 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కేదాకా, మన పిల్లల పని కాదనే అనుకున్నాం. అంత ఎత్తులో వాడే మిట్టెన్లు ఎక్కువగా బాతు ఈకలు కూరినవి, లోపల పల్చటి గ్లవ్స్. కొన్నిటికి 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన పొర లాంటిది కూడా ఉంటుంది. దాని సూక్ష్మ రంధ్రాల్లోంచి చెమట ఆవిరి బయటికి పోతుంది, నీటిబొట్టు లోపలికి రాదు.

కొనేటప్పుడు తొడుక్కుని పిడికిలి బిగించి చూడండి. ఎక్కడా లాగకూడదు. వేళ్ళ కొసల ముందు చిటికెనవేలు పట్టేంత ఖాళీ ఉండాలి, అంతకు మించితే ఆ ఖాళీని కూడా వేళ్ళే వెచ్చబెట్టాలి. మణికట్టు దగ్గర మిట్టెన్ అంచు చొక్కా చెయ్యి మీదికి రావాలి. పిల్లలవైతే రెంటినీ ఓ తాడుతో కలిపి కోటు చేతుల్లోంచి పోనివ్వండి, లేకపోతే వారానికో మిట్టెన్ బస్సులో ఉండిపోతుంది.

ఇక తిరిగొచ్చాక మన కోనసీమ గాలి సంగతి. నా మిట్టెన్లను ఉతక్కుండా ట్రంకుపెట్టెలో పడేస్తే, వానాకాలం దాటేసరికి ఓ దానికి బూజు, రెండో దానికి చిమ్మెట పురుగు తొలిచిన కన్నాలు. చెమట మరకలున్న ఊలంటే ఆ పురుగుకు పండగ. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం వేసి, రుద్దకుండా ముంచి తీయండి. పిండొద్దు, తువ్వాలులో చుట్టి ఒత్తండి. తాడు మీద వేలాడదీస్తే సాగిపోతాయి కాబట్టి నీడలో పరిచి ఆరబెట్టండి. లోపలి కొసదాకా ఆరాకే పెట్టెలో పెట్టి, దసరాకోసారి బయటికి తీసి దులిపి ఎండ చూపించండి. ఈకల రకానికి, పొర ఉన్న రకానికి ఈ పద్ధతి కాదు, లోపలి చీటీ చదివి ఉతకండి.

మీ ఇంట్లోంచి ఎవరైనా ఈ చలికాలం అటు వెళుతుంటే ఇక్కడ గ్లవ్స్ కొనిపెట్టకండి. చేతి కొలత అక్కడి పిల్లలకు ఫోనులో చెప్పి, ఒక సైజు పెద్దవి తీసుకుని విమానాశ్రయానికి రమ్మనండి.