జ్వరమొస్తే నా ఒంటి లెక్కే వేరు!

మెస్సీకి చిన్నప్పుడు ఏ సమస్య ఉండేదో తెలుసుగా? గ్రోత్ హార్మోన్ లోపం. నాదీ అదే. మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని సరిపడా తయారుచేయదు. అందుకే రోజూ రాత్రి పడుకునే ముందు పెన్నులాంటి ఇంజెక్షన్ తీసుకుంటా.

'అయితే నీకు ఇమ్యూనిటీ తక్కువా?' వైరల్ ఫీవర్ల సీజన్ రాగానే ఫ్రెండ్స్ అడిగేది ఇదే. కాదు. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు నాకూ ఉన్నాయి. తేడా ఇంకోచోట ఉంది.

గ్రోత్ హార్మోన్ పని ఎత్తు పెంచడమొక్కటే కాదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రక్తంలో షుగర్ పడిపోకుండానూ చూస్తుంది. అందుకే ఈ లోపమున్న చిన్నపిల్లలు జ్వరంతో తిండి మానేస్తే షుగర్ బాగా తగ్గిపోవచ్చు.

నాలాంటి కొందరికి పిట్యూటరీ సమస్య వల్ల కార్టిసాల్ కూడా తక్కువే. జ్వరమొస్తే మీ ఒళ్లు దాన్ని ఎక్కువగా వదిలి బీపీని నిలబెడుతుంది. నా ఒంటికి అది చేతకాదు. కాబట్టి డాక్టర్ ముందే రాసిచ్చినట్టు, జ్వరం తగ్గేదాకా హైడ్రోకార్టిసోన్ మాత్రల డోసు పెంచుతా. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ పడాల్సిందే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది.

అందుకే నా ఫోన్ లాక్ స్క్రీన్ మీద హీరో ఫొటో ఉండదు. 'కార్టిసాల్ లోపం ఉంది, వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇవ్వండి' అని ఉంటుంది. మీ రూమ్మేట్‌కి ఇలాంటి సమస్య ఉంటే, ఆ ఇంజెక్షన్ ఎక్కడ పెట్టుకున్నారో ఇవాళే అడిగి తెలుసుకోండి.