పెద్దల వాకిట్లో వసంతం

ఫాల్గుణం వచ్చిందంటే ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారి రూపే మారిపోతుంది. కొత్తగూడెం, పాల్వంచ దాటాక మోదుగులు ఆకు రాల్చి నిప్పు అంటుకున్నట్టు పూస్తాయి. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పూలు రాలితే, ఎండ ఎక్కకముందే కోయగూడేల ఆడవాళ్లు గంపలతో ఏరుకుంటారు. ఊళ్లలో ఇళ్ల ముందు చింతపండు కుప్పలు కనిపిస్తాయి. అడవి అంచున బతికినవారికి వసంతం కళ్లతో చూసి మురిసిపోయే కాలం మాత్రమే కాదు, చేతినిండా పని దొరికే కాలం కూడా.

అలా బతికిన మనిషికి 70 ఏళ్లు పైబడి, చివరకు వృద్ధాశ్రమంలో ఒక మంచం, ఒక పెట్టె మాత్రమే మిగిలాయనుకుందాం. వసంతం ప్రహరీగోడ అవతలే ఆగిపోతుంది. వేళకు అన్నం వస్తుంది, మాత్రలు వస్తాయి. కానీ ‘ఈ పని నువ్వు చేస్తేనే బాగుంటుంది’ అనే మాట మాత్రం రాదు. ఆ మాటను వారి దగ్గరకు చేర్చే మార్గం గురించి ఈ శుక్రవారం ఆలోచిద్దాం.

సిగ్గు వేరు, బాధ్యత వేరు

మన కుటుంబాలలో వృద్ధాశ్రమం అనే మాట ఎత్తడానికే చాలామంది ఇష్టపడరు. ‘మనవాళ్లు అక్కడెందుకుంటారు?’ అంటారు. ఈ మాట వెనుక మంచి కారణమే ఉంది. దివ్యఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా, అల్లాహ్ ఆరాధన గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల సేవను ప్రస్తావిస్తుంది. వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో ‘ఉఫ్’ అనడాన్ని కూడా వారిస్తుంది. ఈ ఆజ్ఞ సంతానానికి. ఆశ్రమానికి ఎంత చందా రాసినా అది తీరిపోదు. దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. పిల్లలు పట్టించుకోని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి పోషణఖర్చు కోరవచ్చని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చెబుతోంది. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోన్ నంబరు కూడా ఉంది.

అయితే సంతానమే లేనివారు, బిడ్డలను పోగొట్టుకున్నవారు, భర్త పోయి నిలువ నీడ లేని స్త్రీలు ఎక్కడికి పోవాలి? ఇలాంటి నిరుపేద వృద్ధుల కోసమే ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమం ఉండాలని అదే చట్టం సంకల్పించింది. కన్నవారిని ఆశ్రమంలో వదిలేసిన కొడుకు సిగ్గుపడాలి. అక్కడ చేరిన పెద్దవారు సిగ్గుపడనక్కరలేదు. వారిని చూడటానికి వెళ్లే మనకు అసలే అవసరం లేదు. మన సిగ్గు వారి ఒంటరితనాన్ని పెంచకూడదు.

మనమే వారి దగ్గరకు

హిజ్రీ 8వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630లో మక్కా విజయం నాడు జరిగిన సంగతి ఇది. హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు కోల్పోయిన తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను చేయి పట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. దైవప్రవక్త (స) ఆయనను చూసి, ఈ పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే మేమే ఆయన దగ్గరకు వచ్చేవాళ్లం కదా అన్నారు. మక్కా పట్టణమంతా ఎదురుచూస్తున్న రోజది. అంతటి రోజున కూడా ఒక ముసలివ్యక్తి గడప దాకా తానే నడిచి వెళ్లాలనుకున్నారు ప్రవక్త (స).

ఉమ్మె ఐమన్ (రజి) ఉదంతం కూడా మనకు తెలిసిందే. దైవప్రవక్త (స)ను చిన్ననాట సాకిన తల్లి ఆమె. ఆయన ఆమెను చూడటానికి వెళ్తుండేవారు. ఆయన పరమపదించిన తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ను వెంటబెట్టుకుని ఆమె దగ్గరకు వెళ్లారు. ఆకాశం నుంచి వచ్చే వహీ ఆగిపోయిందని ఆమె కన్నీరు పెట్టుకుంటే వారిద్దరూ ఆమెతోపాటు ఏడ్చారు. వారు ఆమెకు ఏం తీసుకువెళ్లారో ఆ ఉల్లేఖనంలో లేదు. వెళ్లారు, కూర్చున్నారు, ఆమె దుఃఖం పంచుకున్నారు. అంతే.

మనం చేస్తున్నదేమిటి? పండుగ నాడు బిర్యానీ పొట్లాలు పంచి, ఒక ఫోటో తీయించుకుని వస్తున్నాం. అన్నం పెట్టడం పుణ్యమే. కానీ ఆ పొట్లం విప్పేటప్పుడు పక్కన కూర్చునే మనిషి కూడా కావాలి.

కాలం చిన్నది

మన ప్రాంతంలో వసంతం నిలిచేది కొద్దివారాలే. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం రాష్ట్రంలోనే ఎండలు మండే ఊళ్లు. ఏప్రిల్ ముదిరేసరికి పగటివేడి 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఏం చేయదలచినా శివరాత్రి నుంచి ఉగాది వరకు ఉన్న రోజులను ముందే లెక్కపెట్టుకోవాలి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది లోపు ఒక వేళ, అస్ర్ నమాజు తర్వాత మగ్రిబ్ దాకా మరో వేళ. ముసలితనంలో ఒంట్లో నీరు తగ్గినా దాహం అంతగా తెలియదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తాయి. కనుక మంచినీళ్లు అడిగినప్పుడు కాకుండా, వేళ ప్రకారం మనమే అందించాలి.

చేతులకు తెలిసిన పని

పెద్దలకు ఏ కార్యక్రమం పెట్టాలా అని తలపట్టుకోనక్కరలేదు. వారి చేతులకు తెలిసిన పనిని వారి ముందుంచితే చాలు.

నాలుగు కిలోల చింతపండు తెచ్చి చాప పరిస్తే, పెంకులు ఒలుస్తూ, ఈనెలు, గింజలు తీస్తూ పదిమంది ఒకచోట చేరతారు. వెంట వచ్చిన పిల్లలు తప్పుగా ఒలిస్తే ‘అట్లా కాదు బేటా, ఇటు పట్టు’ అని నేర్పేది వారే. రోజూ తీసుకునే చేయి ఆ గంటసేపు ఇచ్చే చేయి అవుతుంది. ఇది కూలిపని కాకూడదు. ఇష్టమున్నవారు కూర్చుంటారు, అలసినవారు లేస్తారు, లెక్క అడిగేవారుండరు. ఖమ్మం మిర్చికి పేరుపడ్డ ఊరని మిరప తొడిమలు తీసే పని మాత్రం పెట్టవద్దు. ఆ ఘాటు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం.

ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమని దైవప్రవక్త (స) బోధించారు. ఇక నాకెందుకు అనుకునే వయసువారికి ఇంతకన్నా ధైర్యం చెప్పే మాట ఏముంది? చెట్లు నాటేందుకు మనకు తొలకరే అదను. ఇప్పుడు నాటితే ఎండకు మాడిపోతాయి. వసంతంలో కుండీలలో పుదీనా, కొత్తిమీర పెంచవచ్చు. ఒలిచిన చింతగింజలను ఎండబెట్టి తొలకరికి దాచవచ్చు. మూకుడులో పక్షులకు నీళ్లు పోసే పనిని, మంచం దిగలేని వారికైతే కిటికీ దగ్గర అప్పగించవచ్చు. ప్రాణమున్న ప్రతి జీవి దప్పిక తీర్చడంలోనూ పుణ్యముందని హదీసు చెబుతోంది.

ఆడపిల్లలు వెళ్తే గోరింటాకు రుబ్బి తీసుకువెళ్లాలి. అబూ ఖుహాఫా తల, గడ్డం సగామా అనే తెల్లని పూలమొక్కలా నెరిసి ఉంటే, నలుపు కాకుండా వేరే రంగు వేయమని దైవప్రవక్త (స) చెప్పినట్టు హదీసులో ఉంది. ముసలివారి అలంకరణను కూడా పట్టించుకున్న ధర్మం మనది. అవ్వ చేతికి గోరింట పెట్టేందుకు పట్టే అరగంటలో ఆమె ఎన్ని సంగతులు చెబుతుందో చూడండి.

మాట కూడా ఒక సేవే. మన పెద్దలలో కొందరు ఇంట్లో ఉర్దూ మాట్లాడినవారు. చుట్టూ అందరూ తెలుగో కోయభాషో మాట్లాడే చోట వారికి ‘దాదీ, కైసీ హో?’ అన్న ఒక్క పలకరింపే పుట్టింటి కబురు. కోయ పెద్దలుంటే ఇప్పపూలు ఏరిన రోజుల గురించి అడగండి. ఇప్ప అనగానే మనకు సారా గుర్తొస్తుంది గానీ, ఆ పువ్వును ఎండబెట్టి, ఉడికించి ఆకలి తీర్చుకున్న తరాలవారు వారు.

నడవగలిగినవారిని ఒక ఉదయం గోదావరి ఒడ్డుకో, కిన్నెరసాని జలాశయానికో తీసుకువెళ్లవచ్చు. ఇసుకలో దిగడం, మెట్లెక్కడం మోకాళ్ల వల్ల కాదు కనుక వాహనం దగ్గరగా ఆగే చోటు, నీడ, మరుగుదొడ్డి ముందురోజే చూసిరావాలి.

అందరి పండుగలు

2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈదుల్ ఫిత్ర్ 11న వచ్చాయి. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే ఈద్. ఒక గదిలో వేపపూత పచ్చడి, మరో గదిలో షీర్ ఖుర్మా చేసుకుని ఒకరికొకరు ఇచ్చుకునే అదృష్టం ఆశ్రమవాసులకు ఉంది. శ్రీరామనవమికి భద్రాచలమంతా కదిలే రోజుల్లో ఎవరి ఆచారం వారిది, కలిసి కూర్చోవడం మాత్రం అందరిదీ. తీపిలో చక్కెర విషయం డాక్టరును అడగడం మరువకూడదు.

రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుగా వస్తుంది. వసంతంలో వచ్చినా, శీతకాలంలో వచ్చినా, ఉపవాసం ఉండలేని వృద్ధులు నేరం చేసినట్టు కుమిలిపోతుంటారు. శక్తి తిరిగిరాని వృద్ధులు ఒక్కో రోజాకు ఒక పేదకు భోజనం పెడితే సరిపోతుందని వారికి ప్రేమగా చెప్పాలి. కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునే వీలు, మంచం పక్క గోడమీద ఖిబ్లా గుర్తు, నీళ్లు పడనివారికి తయమ్ముం ఏర్పాటు. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

నాలుగు శుక్రవారాలు

ప్రతి మస్జిదు కమిటీ నాలుగు శుక్రవారాలకు ఒక పట్టిక వేసుకోవచ్చు. ముందు ఆశ్రమ నిర్వాహకుల అనుమతి తీసుకుని, ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏది ఇష్టం అడిగి రాసుకోండి. మొదటివారం చింతపండు, రెండోవారం పుదీనా కుండీలు, మూడోవారం గోరింటాకు, నాలుగోవారం బయటికి ప్రయాణం. ప్రతి కుటుంబం ఒక పెద్దమనిషిని ఎంచుకుని నాలుగుసార్లూ ఆ మనిషినే కలవాలి. కొత్త ముఖాల గుంపు కన్నా తెలిసిన ముఖం ఒక్కటే మేలు. ఫోటోలు వద్దు. చేయలేని మాట ఇవ్వవద్దు. ‘వచ్చేవారం వస్తా’ అన్న మాటను పట్టుకుని ఆ పెద్దవాళ్లు ఏడు రోజులు గేటువైపు చూస్తారు.

సోదర సోదరీమణులారా! ఖుర్ఆన్‌ను నా హృదయానికి వసంతంగా చేయమని వేడుకునే దుఆను దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఆ వసంతం మన హృదయంలోకి నిజంగా వచ్చి ఉంటే దాని చల్లదనం పక్కవారికి తగలాలి. మన వాకిట్లోని పెద్దలకు ముందు, వాకిలి లేని పెద్దలకు ఆ తర్వాత. ఎండలు ముదరకముందే బయలుదేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.