ముఖారుణిమ

జపాన్, చైనా, కొరియా దేశాలలో కొందరికి కొద్దిపాటి మద్యం పుచ్చుకోగానే ముఖం కెంపెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది. చూసేవారు అలవాటు లేకపోవడమని నవ్వుకుంటారు. నిజానికి అది జన్మతః సంక్రమించిన లక్షణం.

శరీరంలో చేరిన మద్యాన్ని కాలేయం ప్రధానంగా రెండు అంచెలలో మారుస్తుంది. మొదటి ఎంజైము దానిని ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారిస్తే, రెండవదైన ఎ.ఎల్.డి.హెచ్.2 ఆ విషాన్ని ఎసిటేట్‌గా మార్చి హానిని తొలగిస్తుంది. ఈ రెండవ ఎంజైమును నిర్మించే జన్యువులో ఒక్క అక్షరం మారితే దాని పని కుంటుపడుతుంది. (ఒక్క అక్షరంతో పద్యార్థమే తారుమారు కావడం తెలుగు విద్యార్థులకు కొత్త కాదు.) అప్పుడు విషం నెత్తురులో నిలుస్తుంది, రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. తూర్పు ఆసియా వాసులలో సుమారు మూడింట ఒక వంతు ఈ మార్పు గలవారే. దక్షిణ భారతీయులలో ఇది బహు అరుదు. అంతమాత్రాన మద్యం వారికి హితవు కాదు.

తల్లిదండ్రులిద్దరి నుండీ ఈ మార్పును పొందినవారు సాధారణంగా మద్యాన్ని భరించలేరు. ఆ బాధే వారికి రక్ష. తాగుడు మాన్పించడానికి వైద్యులిచ్చే డైసల్ఫిరామ్ మందు కూడా ఈ ఎంజైమునే అడ్డగిస్తుంది.

ఒకరి నుండి మాత్రమే పొందినవారి స్థితి మరింత ప్రమాదకరం. వారిలో ఎంజైము కొంత పనిచేస్తుంది కనుక, తోటివారి ప్రోద్బలంతో క్రమంగా తాగుడుకు అలవాటు పడగలరు. కాలక్రమాన ముఖంలో ఎరుపు తగ్గవచ్చు. విషం మాత్రం కణాలలోని డి.ఎన్.ఎ.ను గాయపరుస్తూనే ఉంటుంది. అతిగా తాగే ఇట్టివారికి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా అనేక రెట్లు అధికమని జపాన్ పరిశోధనలలో తేలింది. ఎరుపు కనబడకుండా కొందరు మాత్రలు మింగుతారు. అవి రంగును కప్పుతాయే గాని విషాన్ని హరించవు.