మెట్ల లైటుకు రెండు స్విచ్చులు: ఎందుకు? ఎలా?

ముత్తియాల్‌పేట లాంటి చోట్ల ఇరుకు స్థలంలో అంతస్తు మీద అంతస్తు లేచిన ఇంట్లో ఉండేవారికి ఇది రోజూ చేసే పనే. కింద లైటు వేసి మెట్లెక్కి, పైన ఆర్పేస్తాం. సర్క్యూట్లు నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు.

ఒకే బల్బు రెండు చోట్ల ఎలా లొంగుతుంది?

ఇక్కడ వాడేది టూ-వే స్విచ్. దానికి మూడు పిన్నులు, మధ్యది కామన్. మీటను ఒక వైపు నొక్కితే ఒక పక్క పిన్నుతో, రెండో వైపు నొక్కితే రెండో పక్క పిన్నుతో కామన్ కలుస్తుంది. రెండు స్విచ్చుల పక్క పిన్నులను రెండు వైర్లతో జత చేస్తారు. ఒక కామన్‌కు ఫేజ్ వస్తుంది, రెండో కామన్ నుంచి వైరు బల్బుకు వెళ్తుంది. రెండు మీటలూ ఒకే వైరు మీద ఉంటే బల్బు వెలుగుతుంది, చెరో వైరు మీద ఉంటే ఆరుతుంది. అందుకే ఏది నొక్కినా ఉన్న స్థితి తారుమారవుతుంది.

చేసి చూడటం ఎలా?

9 వోల్టుల బ్యాటరీ, మూడు పిన్నుల స్లైడ్ స్విచ్చులు రెండు, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్ చాలు. ఎల్‌ఈడీ పొడుగు కాలు పాజిటివ్ వైపు ఉండాలి. రెసిస్టర్ ఎందుకంటే, ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. మిగతా 7 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. 7ను 470తో భాగిస్తే సుమారు 0.015, అంటే 15 మిల్లీ ఆంపియర్లు. రెసిస్టర్ లేకపోతే ఎల్‌ఈడీ మాడిపోతుంది. ఇంట్లో 230 వోల్టుల లైను జోలికి మాత్రం వెళ్లొద్దు, అది ఎలక్ట్రీషియన్ పని.

మీట చూసి లైటు సంగతి చెప్పగలమా?

చెప్పలేం. మన ఇళ్లలో మీట కిందికి ఉంటే ఆన్ అని లెక్క. టూ-వేలో ఆ లెక్క చెల్లదు. అయినా ఎవరూ తికమక పడరు, బల్బు కళ్లెదుటే ఉంటుంది కాబట్టి. చేసిన పని ఫలితం వెంటనే తెలియాలని డిజైన్ నిపుణుడు డొనాల్డ్ నార్మన్ 1988లో వచ్చిన తన పుస్తకంలో నొక్కి చెప్పింది ఇందుకే.

ఇదే ఏర్పాటు కింది సంపులోని నీటి మోటారుకు పెడితే? పైనున్నవారికి మోటారు కనబడదు, మీట ఏమీ చెప్పదు. అప్పుడు పై స్విచ్ పక్కన ఇండికేటర్ దీపం కావాలి. దాన్ని మోటారుకు సమాంతరంగా కలపాలి. అయితే అది చెప్పేది మోటారుకు కరెంటు అందుతోందని మాత్రమే. ట్యాంకు నిండిందో లేదో తెలియాలంటే ట్యాంకులోనే ఫ్లోట్ స్విచ్ పెట్టాలి.