గోడలో పొట్టిగా తెగిన పైపు

మన ఇళ్లలో సింకు కింది తలుపు తెరిచి చూసేవారెవరు? చుట్టాలు తెరవరు. ఇంటి యజమాని కూడా సాధారణంగా తెరవడు. రోజూ తెరిచేది ఇల్లాలు ఒక్కతే. మడికొండలోను, కాజీపేట వైపు వెలసిన కాలనీలలోను ఇళ్లను దర్శించేటప్పుడు కొన్ని వంటగదుల్లో ఆ తలుపు వెనుక ఒక ప్లాస్టిక్ బకెట్టు కనబడుతుంది. పైపు దగ్గర బొట్టు బొట్టుగా కారే నీళ్లు అందులో నిండుతాయి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఆమె దాన్ని ఎత్తి పారబోస్తుంది. “ఎన్నాళ్ల నుండి అమ్మా?” అని అడిగితే, “ఇల్లు కట్టినప్పటి నుండి ఇంతే” అంటుంది.

ఇంత చిన్న సంగతికి ఒక వ్యాసమా అని కొందరు అనుకోవచ్చు. కాని ఆ తడి నేల మీద జారిపడితే పెద్దవారి తుంటి ఎముక విరగవచ్చు. గోడ లోపల చెమ్మ పట్టి అవతలి గది సున్నం రాలిపోతుంది. రాత్రివేళ బొద్దింకలు ఆ సందులోనుండే వస్తాయి. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటిల్లిపాదికి చెందవలసిన ఇబ్బందిని ఒక్క మనిషే మౌనంగా మోస్తున్నది. కాబట్టి దీన్ని కొంచెం వివరంగా ఆలోచించుదాం.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ప్రజాకవి కాళోజీ నారాయణరావు గారి కుటుంబం స్థిరపడిన మడికొండ ఒకప్పుడు పల్లె. ఇప్పుడది మహా వరంగల్ నగరపాలక సంస్థలో భాగం. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీలు ఇక్కడి ఐటీ పార్కులో కార్యాలయాలు తెరిచాయి. పాత ఇళ్లలో గిన్నెలు జాలారు దగ్గర బండ మీద కూర్చుని తోమేవారు. నీళ్లు వాలుగా బయటి కాలువలోకి పోయేవి. గోడలో పైపు అన్న మాటే లేదు. కొత్త ఇళ్లలో గ్రానైటు గట్టు వచ్చింది, స్టీలు సింకు వచ్చింది, దానితోపాటు గోడలో దాగిన పైపు వచ్చింది.

ప్లంబరు ఇటుక గోడలో పైపు పెట్టి ఒకటిన్నర అంగుళం, అంటే సుమారు 38 మిల్లీమీటర్లు బయటకు వదులుతాడు. చూడడానికి అది చాలుననిపిస్తుంది. తరువాత మేస్త్రీ 12 మిల్లీమీటర్ల ప్లాస్టరు వేస్తాడు. ఆ పైన టైలు, దాని వెనుక సిమెంటు కలిసి 20 నుండి 25 మిల్లీమీటర్లు తీసుకుంటాయి. లెక్క వేసి చూడండి! బయటకు కనబడే పైపు మిగలనే మిగలదు. కాస్త మిగిలినా, టైలు చదునుగా కూర్చోవాలని ఆ ముక్కను హాక్సా బ్లేడుతో కోసేస్తారు.

ఆఖరున సింకు బిగించే రోజు వస్తుంది. “నేను సరిగ్గనే వదిలిన, టైల్సాయన కోసిండు” అని ప్లంబరు అంటాడు. “పైపు అడ్డముంటే టైలు ఎట్ల కూసుంటది?” అని టైల్స్ మేస్త్రీ అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. ముగ్గురు పనివారు మూడు వేర్వేరు వారాల్లో వచ్చి పోతారు. వారి మధ్య మాట కలపవలసింది ఇంటివారే. అది జరగలేదు గనుక ముడతల వేస్ట్ పైపును ఆ రంధ్రంలోకి తోసి, చుట్టూ గుడ్డపేలికో తెల్ల సిమెంటో కుక్కి, “అయిపోయింది” అంటారు.

కుక్కినది ఎందుకు నిలవదు?

మొదటిది: ముడతల పైపు మెత్తనిది, సిమెంటు గట్టిది. సింకు నిండా నీళ్లు ఒక్కసారి వదిలినప్పుడు పైపు కదులుతుంది. సిమెంటు కదలదు. రెంటి మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. ఆ సందు చాలు.

రెండవది: ఈ సందు నీళ్లకే కాదు, గాలికి కూడా దారి. సింకు కింద వంపు తిరిగిన ట్రాప్ ఒకటి ఉంటుంది. అందులో ఎప్పుడూ కొద్దిగా నీరు నిలిచి ఉండి, మురుగు కాలువ గాలిని ఇంట్లోకి రానివ్వదు. ఈ వంపు ఉపాయానికి 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డి కోసం పేటెంటు పొందాడు. అయితే ట్రాప్ తరువాత, గోడ దగ్గర సందు ఉంటే ఆ నీటి అడ్డు వృథా. కాలువ గాలి అక్కడినుండే వంటగదిలోకి వస్తుంది.

ఇది ఉత్త వాసన సంగతి కాదు. 2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస భవనాలలో 300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఎండిపోయిన నేల ట్రాపుల ద్వారా మురుగు పైపుల గాలి స్నానాల గదుల్లోకి రావడం ఆ వ్యాప్తికి ఒక ముఖ్య కారణమని పరిశోధకులు తేల్చారు. మన ఇంటి సింకు ఆ భవనమంత ప్రమాదమని చెప్పడం లేదు. మురుగు పైపుకు, మన గదికి మధ్య అడ్డు ఎందుకు ఉండాలో గ్రహించడానికే ఈ మాట.

ముందుగా కొలవండి

దుకాణానికి పరుగెత్తక ముందు గోడలో ఉన్నదేమిటో చూడండి. పైపు నోరు తుడిచి, దాని బయటి వ్యాసం కొలవండి. ఇక్కడ చాలామంది పొరపడతారు. మన పీవీసీ నీటి పైపుల మీద వేసిన మిల్లీమీటర్ల అంకె బయటి కొలత. అంగుళాల్లో చెప్పేది లోపలి కొలతకు దగ్గరగా ఉండే పేరు. 40 మిల్లీమీటర్ల పైపును ఒకటింపావు అంగుళమని, 50ని ఒకటిన్నర అని, 63ని రెండు అంగుళాలని పిలుస్తారు. అందుచేత అంకె చెప్పి తెచ్చుకోవడం కంటె, అదే పైపు ముక్క ఏదైనా మిగిలి ఉంటే దాన్ని చేతబట్టుకొని వెళ్లడం మేలు.

తరువాత, బయటకు ఎంత మిగిలిందో కొలవండి. 40 మిల్లీమీటర్ల పైపుకు కప్లర్ పూర్తిగా కూర్చోవాలంటే సుమారు 26 మిల్లీమీటర్లు, 50 పైపుకు సుమారు 31 మిల్లీమీటర్లు ఉండాలి. స్థూలంగా ఒక అంగుళం, అంగుళంపావు అనుకోండి.

మూడు దారులు

1. అంత పైపు మిగిలి ఉంటే పని సులభం. కోసిన అంచు వంకరగా ఉంటే సరిచేసి, గరుకు కాగితంతో బయటి వైపు రుద్ది, పొడిగుడ్డతో తుడవాలి. పైపుకు, కప్లర్ లోపలికి రెంటికీ సొల్యూషన్ రాసి, పావు మలుపు తిప్పుతూ చివరిదాకా నెట్టి, అర నిమిషం పట్టి ఉంచాలి. ఈ సొల్యూషన్ జిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్కునే పైపైన కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. తడి ఉన్నా, మట్టి ఉన్నా ఆ కలయిక జరగదు. ఆ రాత్రి నీళ్లు వదలకపోవడం మంచిది.

2. పైపు గోడకు సమంగా తెగిపోయి ఉంటే, ఒక టైలు ముక్కను వదులుకోవలసిందే. ఇక్కడే అందరూ వెనుకాడతారు. “కొత్త టైలు పగలగొట్టాలా?” అని మనసు ఒప్పదు. కాని పగలవలసింది నాలుగంగుళాల చతురం మాత్రమే. ముందుగా పైపు నోట్లో ఒక గుడ్డ ఉండను దారం కట్టి పెట్టాలి. లేకపోతే పెచ్చులు లోపలికి పోతాయి. కటింగ్ మిషనుతో టైలును నాలుగు వైపులా కోసి, ప్లాస్టరును సన్నని ఉలితో నెమ్మదిగా తొలవాలి. ఉలి దెబ్బ పైపుకు తగలరాదు. ఒకటిన్నర అంగుళం పైపు బయటపడగానే గుడ్డ తీసివేసి, మొదటి దారిలో చెప్పినట్టు కప్లర్ వేసి కొత్త ముక్కను బయటకు తేవాలి. చుట్టూ ఉన్న గుంతను పూడ్చి స్టీలు ఫ్లాంజ్ బిళ్ల పెడితే మచ్చ కనబడదు. అది కనబడినా సింకు కిందే గదా!

3. అద్దె ఇల్లు గనుక పగలగొట్టలేకపోయినా, పైపు కాంక్రీటు దూలంలో ఉన్నా, చిన్న పైపును పెద్ద పైపు లోపలికి పంపాలి. గోడలో 50 ఉంటే అందులోకి 40 పోతుంది. మధ్య సందును గుడ్డతో కాక, ఆ కొలతకు సరిపోయే రబ్బరు రింగుతో మూయాలి. కనీసం రెండంగుళాలు లోపలికి పోవాలి గాని, గోడ వెనుక ఉన్న ఎల్బోకు తగిలేంత దూరం తోయరాదు. తగిలితే నీటికే అడ్డు పడుతుంది.

ఈ మూడింటికీ ఒకే నియమం: నీళ్లు తెచ్చే పైపు నీళ్లు తీసుకుపోయే పైపు లోపలికి దూరాలి, లేదా రెండూ ఒకే కప్లర్‌లో ఎదురెదురుగా కూర్చోవాలి. ప్రవాహానికి అంచు ఎదురు నిలిస్తే అన్నం మెతుకులు, నూనె జిడ్డు అక్కడే పట్టుకుంటాయి.

వాలు, వేడి, పరీక్ష

గోడలోని నోరు ట్రాప్ బయటి నోటి కంటె కిందికి ఉండాలి. పైకి ఉంటే ఎంత మంచి అతుకైనా నీరు నిలుస్తుంది. అడ్డంగా పోయే పైపుకు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. ముడతల పైపు వాడక తప్పకపోతే అది ఉయ్యాల వలె వేలాడకుండా చూడండి.

మన వంటగదుల్లో అన్నం వార్చిన గంజి సలసల కాగుతూ సింకులోకి పోతుంది. 60 డిగ్రీలు దాటిన వేడిని మామూలు పీవీసీ పైపులు ఎక్కువకాలం భరించవు. అతుకు దగ్గర అవి మెత్తబడి వంగుతాయి. గంజిని చల్లారనిచ్చి పోయండి. మాడిన నూనెను అసలు పోయవద్దు.

పరీక్ష ఇలా చేయండి. సింకు అడుగు మూసి అంచు దాకా నీళ్లు నింపి, ఒక్కసారిగా వదలండి. సన్నధారతో చేసే పరీక్ష పరీక్ష కాదు. ప్రతి అతుకు కింద పొడి వార్తాపత్రిక పరచండి. చుక్క పడితే కాగితమే చెబుతుంది. మరునాడు మరొకసారి చూడండి. ఈ పరీక్ష పనివాని ఎదుటే జరిగితే, ఆ తరువాత మిగిలిన డబ్బు సంతోషంగా ఇవ్వవచ్చు. అతనిని నిందించే అవసరము రాదు.

ఇల్లు కట్టుకొనుచున్నవారికి

మీరు ఇప్పుడు ఇల్లు కట్టుచున్నట్లయితే మూడు పనులు చేయండి. ప్లంబరు చేత పైపును గోడనుండి నాలుగు అంగుళాలు బయటకు వదిలించి, నోటికి మూత బిగించండి. ప్లాస్టరు వేయకముందు పైపుల దారిని మీ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. టైల్స్ మేస్త్రీ వచ్చిన మొదటి రోజే ఆ పైపు చూపించి, “టైలుకు గుండ్రని రంధ్రం చేసి పైపు చుట్టూ కూర్చోబెట్టండి, పైపును మాత్రం కోయవద్దు” అని చెప్పండి. ఎక్కువైన పైపును సింకు వచ్చిన రోజున ఒక్క నిమిషంలో కోయవచ్చు. తక్కువైన పైపును పెంచడానికి గోడ తెరవాలి.

ఇల్లు కట్టి ఏళ్లు గడిచినవారు ఈ రాత్రి భోజనమైన తరువాత ఇల్లాలిని అడగకుండానే సింకు కింది తలుపు తెరిచి చూడండి. అక్కడ బకెట్టు ఉంటే, వచ్చే శనివారం ప్లంబరును పిలవండి. నాలుగంగుళాల టైలు, ఒక కప్లర్, ఒక పూట పని. ఆ తరువాత ఆమె ఆ బకెట్టును మొక్కలకు నీళ్లు పోయడానికి వాడుకుంటుంది.