జావాస్క్రిప్టు లైబ్రరీలు - వాని విశ్వసనీయత

పరీక్షల హాల్‌టికెట్లపై 7వ నంబరును 007 అనియు, 42ను 042 అనియు ముద్రించుట విద్యార్థులందరును చూచినదే. అంకెలకు ముందు సున్నలు చేర్చి వరుసను సమముగా దిద్దుట బహు స్వల్పమైన పని. దీనిని కంప్యూటరుచేత చేయించుటకు జావాస్క్రిప్టు భాషలో పదకొండు పంక్తులు చాలును. సరిగా అట్టి పదకొండు పంక్తులే 2016 మార్చి 22వ తేదీన వాని చోటునుండి మాయమైనవి. దానితో అనేక దేశములలో ప్రోగ్రామర్ల పని హఠాత్తుగా నిలిచిపోయినది.

ఇది ఎట్లు సంభవించినదో తెలియవలెనన్న, లైబ్రరీ యన నేమో మొదట తెలియవలెను. వెబ్ పుటలకు చలనము కలిగించు జావాస్క్రిప్టు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించెను. తొలిరూపమునకు ఆయనకు పట్టినది పది దినములే. ఆ భాషలో ఒకరు వ్రాసి, ఇతరుల ఉపయోగార్థము విడిచిన ప్రోగ్రాము భాగమునకు లైబ్రరీ యని పేరు. తలుపు చేయు వడ్రంగి మడతబందులను తానే పోతపోయడు. అంగడిలో కొని తెచ్చి బిగించును. ప్రోగ్రామరు చేయునదియు అంతే. ఇట్టి భాగములకు అన్నిటికంటె పెద్ద అంగడి ఎన్‌పిఎమ్. ఇది 2010లో ఆరంభమైనది. నేడు ఇందు ఇరువది లక్షలకు పైగా భాగములు కలవు.

అయితే ఈ పోలిక కొంతదూరమే నడచును. బిగించిన మడతబందు తలుపుననే యుండును. లైబ్రరీ యట్లు కాదు. పని ఆరంభించిన ప్రతిసారి సాధారణముగా దానిని అంగడినుండి మరల తెప్పింతురు. పైగా ఒక లైబ్రరీకి మరియొకటి, దానికి వేరొకటి ఆధారము. కొన్నది ఒకటే యైనను ఇంటికి వచ్చునవి వందలు కావచ్చును.

సున్నలు చేర్చు ఆ లైబ్రరీ పేరు లెఫ్ట్-పాడ్. పేరు విషయమున ఒక వివాదము రాగా, దాని కర్త తన లైబ్రరీల నన్నిటిని ఎన్‌పిఎమ్ నుండి ఉపసంహరించెను. ఎంతోమంది వాడు బాబెల్ అను సాధనము, మరియొక లైబ్రరీ ద్వారా, ఆ పదకొండు పంక్తులపై ఆధారపడి యుండెను. నష్టపోయిన వారిలో పెక్కుమంది లెఫ్ట్-పాడ్ పేరైనను విని యెరుగరు. కొన్ని గంటలలోనే దానిని మరల యథాస్థానమున నుంచిరి. ప్రచురించిన లైబ్రరీని ఇష్టము వచ్చినట్లు తొలగింపరాదని ఎన్‌పిఎమ్ ఆ పిమ్మట నిబంధన చేసినది.

మరుసటి యేడు, అనగా 2017లో, వెలువడిన భాషా ప్రమాణమున ఈ పనికే పాడ్‌స్టార్ట్ అను సదుపాయము చేరినది. ఇక లైబ్రరీతో పనియే లేదు! కావున లైబ్రరీని వెదకుటకు ముందు, ఆ పని భాషలోనే కలదేమో చూచుట మంచిది. ఎక్కడ చూడవలెను? భాషకు మూలము ఈసీఎమ్‌ఏ-262 అను ప్రమాణ గ్రంథము. 1997లో తొలి కూర్పు వెలువడిన ఈ గ్రంథమును 2015నుండి ఏటేట సవరించుచున్నారు. ఇది సూత్రగ్రంథము వంటిది. పండితులకు తప్ప మింగుడుపడదు. దానికి చక్కని వ్యాఖ్యానము మొజిల్లా సంస్థ 2005లో ఆరంభించిన ఎమ్‌డిఎన్. 2017లో మైక్రోసాఫ్టు, గూగుల్ సంస్థలును ఈ కృషిలో చేరినవి. ప్రతి పుటలోను వివరణ, ఉదాహరణ, ఏ బ్రౌజరు ఎన్నవ కూర్పునుండి ఆ సదుపాయము పనిచేయునో తెలుపు పట్టిక ఉండును. ఈ పట్టికను చూడక దాటిపోవువారే ఎక్కువ. బడిలోని పాత కంప్యూటరుపై పుట పనిచేయకపోవుటకు కారణము తరచుగా అందే దొరకును.

లైబ్రరీ తప్పనిసరి యైనపుడు, దాని కర్తలు వ్రాసిన వివరణ పత్రములనే ముందుగా చదువవలెను. తేదీలను గణించు మోమెంట్ అను లైబ్రరీ ఇందుకు నిదర్శనము. కొత్త పనులకు దీనిని ఎన్నుకొనవద్దని 2020 సెప్టెంబరులో దాని నిర్వాహకులే తమ పత్రములలో ప్రకటించిరి. పాత పాఠములు మాత్రము దానినే నేర్పును. ఇంత నిజాయితీగా తమ సరుకు వద్దని చెప్పు వర్తకులు అరుదు.

ఎక్కువమంది వాడుచున్నారు గనుక మంచిదే యనుకొనుట పొరపాటు. ఈవెంట్-స్ట్రీమ్ అను లైబ్రరీని వారమునకు సుమారు ఇరువది లక్షల పర్యాయములు దించుకొనుచుండిరి. దాని కర్త, తీరిక లేక, సహాయము చేసెదనని వచ్చిన అపరిచితునికి నిర్వహణము అప్పగించెను. 2018 సెప్టెంబరులో ఆ వ్యక్తి దానికి మరియొక లైబ్రరీని జోడించెను. అందు బిట్‌కాయిన్ దాచుకొనువారి సొమ్మును అపహరించు ప్రోగ్రాము దాగి యుండెను. నవంబరు వరకు ఎవరును దానిని కనిపెట్టలేదు. కనుక సంఖ్యకంటె చూడవలసినది నిర్వహణము: చూచుకొనువారు ఎందరు, దోషములు తెలిపినవారికి బదులు వచ్చుచున్నదా, మార్పుల జాబితా ఉన్నదా, అది ఆధారపడునవి ఎన్ని.

కూర్పు సంఖ్యయు కొంత చెప్పును. 2.4.1 అను సంఖ్యలో చివరి అంకె పెరిగినచో దోషము దిద్దిరని, నడిమిది పెరిగినచో కొత్త సదుపాయము చేర్చిరని, మొదటిది పెరిగినచో పాత ప్రోగ్రాము పనిచేయకపోవచ్చునని అర్థము. ఇది మర్యాదయే గాని చట్టము కాదు. అందుచే వాడిన కూర్పులను అక్షరాల నమోదు చేయు తాళపు ఫైలును 2017లో ఎన్‌పిఎమ్ ప్రవేశపెట్టినది.

లైబ్రరీని ఇతరుల చిరునామానుండి నేరుగా పుటలోనికి రప్పించుకొను పద్ధతియు కలదు. పాలీఫిల్ అను సేవ యొక్క చిరునామా 2024 ఫిబ్రవరిలో చేతులు మారినది. జూనులో చూడగా, దానినుండి హానికరమైన ప్రోగ్రాము వచ్చుచుండెను. లక్షకు పైగా వెబ్‌సైట్లు దానిని వాడుచుండెను. ఇట్టి ప్రమాదము రాకుండ ఫైలునకు గణితరీత్యా ముద్ర నొకటి కట్టి పుటలో వ్రాయవచ్చును. వచ్చిన ఫైలులో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపోదు. బ్రౌజరు దానిని త్రోసివేయును. కాని పాలీఫిల్ ఒక్కొక్క బ్రౌజరునకు ఒక్కొక్క విధమైన ఫైలు పంపుచుండుటచే అక్కడ ఈ ముద్ర పనికిరాలేదు. పాఠశాల పనులకు ఇంతకంటె సులభమైన మార్గము కలదు. లైబ్రరీ ఫైలును ఒకమారు దించుకొని, తమ పుటల పక్కనే ఉంచుకొన్నచో, ప్రయోగశాలలో ఇంటర్నెట్టు లేని దినమునను పుట పనిచేయును.